బొమ్మ వెనుక మాట

జూన్ 11, 2017, ఆదివారం

పఠనమందిరం వారి వెబ్‌సైటుకు భాషాపరిష్కర్తగా ఉండడానికి ఈ రోజు అంగీకరించాను. నేను తెలుగు చెప్పిన బడిలోనే లెక్కలు చెప్పి, ఇప్పుడు మందిరానికి కార్యదర్శిగా ఉన్న నరసింగరావు వేసవి పొడుగునా వెంటపడ్డాడు. జిల్లాలో చూడదగిన చోట్లను గురించి నేను రాసిన వ్యాసాలే ఆ వెబ్‌సైటుకు ఆధారం. వాటి మీద మరొకరి కలం పడకూడదని ఒప్పుకున్నాను గాని, పదవి మీద మోజుతో కాదు.

తయారుచేసేది రూబీ అనే అమ్మాయి. సాలూరు పిల్ల; తండ్రి లారీ నడుపుతాడట. మందిరంలోని కంప్యూటరు మీద నా రామతీర్థం వ్యాసాన్ని తెరిచింది. ఒత్తులొక చోట, అక్షరాలొక చోట. గుణింతాలు గాలికి కొట్టుకుపోయినట్టున్నాయి. నాకొక్కడికే కాదు, నరసింగరావుకూ అలాగే కనిపించింది.

కంప్యూటరు మరీ పాతదనీ, ఫోన్లలోనూ కొత్త యంత్రాలలోనూ సరిగానే వస్తుందనీ ఆ అమ్మాయి వాదించింది. నేను వినలేదు. కొండబాబు ప్రెస్సులో అచ్చుకు కూర్చినట్టే ప్రతి పుటనూ కూర్పించి, ఆ పుటలనే బొమ్మలుగా ఎక్కించమన్నాను. ఏ యంత్రంలో తెరిచినా ఒక్క ఒత్తు కదలకూడదు.

“అలా పెడితే అది రాత కాదండి, బొమ్మ. చూపులేనోళ్ల కంప్యూటరు బొమ్మని సదవలేదు” అన్నది.

సాయం చేస్తున్న ట్రస్టువారి నిబంధన ఒకటి ఉందట. చూపు లేనివారూ, చేతులు ఆడనివారూ కూడా వెబ్‌సైటును వాడుకోగలగాలట. చూడదగిన చోట్ల వివరాలు చూడలేనివారికి ఎందుకని అడిగాను. నా మాటే నెగ్గింది.

కిందటి నెలలో కంటి డాక్టరు దగ్గర జరిగినది ఇక్కడ రాయలేదు. రాయదగినంతటిది కాదు గనుక. నిన్నగాక మొన్న చదువు ముగించిన కుర్రవాడు. గళ్ల కాగితం ఒకటి ముందు పెట్టి గీతలు వంకరగా కనిపిస్తున్నాయా అన్నాడు. వంకరగా అచ్చువేసిన కాగితాన్ని చూపించి అడిగే ప్రశ్నా అది? రెటీనా మధ్యభాగం చెడుతున్నదనీ, నెలనెలా కంటిలో సూదిమందు వేయించుకోకపోతే మధ్యచూపు పోతుందనీ చెప్పాడు. ఆసుపత్రులవారికి ఎవరో ఒకరు నెలనెలా రావాలి కదా. ఇంట్లో మాత్రం కళ్లద్దాలు సరిపోతాయన్నాడని చెప్పాను.

ఈ డైరీలో గీతలు కూడా సరిగా వేయలేదు.

జూన్ 14

పత్రిక ముద్రణ మరీ నాసిగా ఉంది. సిరాలో నీళ్లు కలుపుతున్నట్టున్నారు.

జూన్ 25, ఆదివారం

ఈ రోజు నాకు జరిగిన అవమానాన్ని ఉన్నదున్నట్టు రాసి పెడుతున్నాను.

వెబ్‌సైటును పరీక్షించడానికి రూబీ ఒక వ్యక్తిని తీసుకువచ్చింది. పేరు బెన్హర్. ఆమదాలవలసలో బ్యాంకు ఆఫీసరు. కాపురం ఇక్కడే విజయనగరంలో, రోజూ రైలులో వెళ్లివస్తాడు. పుట్టుగుడ్డి అన్నారు. ఇద్దరూ ఒకే చర్చి నుంచి, ఒకే ఆటోలో దిగారు. అది గమనించినవాడిని నేనొక్కడినే.

అతడు తెచ్చుకున్న కంప్యూటరు తెర మీది రాతను పైకి చదువుతుందట. గొంతు డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టుంది. అతని వేళ్లు మీటల మీద ఆడుతుంటే అది “గ్రాఫిక్” అన్నది; బొమ్మ అని దాని అర్థమట. మళ్లీ “గ్రాఫిక్” అన్నది. నా రామతీర్థం వ్యాసం మీదికి వెళ్లినా అదే మాట. తరువాత “ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి” అని పలికింది.

“ఎక్కడ నొక్కాలి మాస్టారూ? నొక్కితే ఎక్కడికెల్తానో సెప్పకండా నొక్కమంటే, కరెంటు తీగని ముట్టుకోమన్నట్టే ఉన్నాది” అన్నాడు బెన్హర్. సభ్యులందరూ నవ్వారు.

అవి ఆ అమ్మాయి పెట్టిన మాటలు, నావి కావు. ఆమెకు కోపం రాలేదు. తప్పు తనదేనని, ఆ మాటలు తీసేసి ‘రామతీర్థం దారి’, ‘దర్శనవేళలు’ అని పెడతానని రాసుకున్నది. ముందే అనుకుని వచ్చినవారు కాకపోతే ఇంత సులువుగా ఎవరైనా ఒప్పుకుంటారా?

తరువాత అతడు నావైపు తిరిగాడు. “మీరు శానా బాగా రాస్తారంట. మా నాన్న సెప్పేవోడు. కానీ నాకు మాత్రం మీరు రాసిందంతా ఒకటే మాట, గ్రాఫిక్.”

అక్షరాలు తిరిగి రాతగానే పెట్టాలని సమావేశం తీర్మానించింది. ప్రతి ఫోటో వెనుక, అందులో ఏమున్నదో చెప్పే మాట కూడా ఉండాలట. అది మామూలు చూపరికి కనిపించదు, యంత్రం చదివినప్పుడే వినిపిస్తుంది. ఆ మాటలను ఎవరు రాయాలన్నప్పుడు అందరూ నా పేరే అన్నారు. రూబీ కూడా అన్నది. ఎందుకన్నదో ఆలోచించాలి.

జూన్ 26

ఆలోచించాను. బెన్హర్‌కు చూపు ఉన్నది.

టీ గ్లాసును తడుముకోకుండా అందుకున్నాడు. వేళ ఎంతయిందని నరసింగరావు అడిగితే, చేతి గడియారం మూత తీసి వేలు ఆనించి చెప్పాడు. వేలితో వేళ తెలుస్తుందంటే నమ్మేంత అమాయకుడిని కాను. కుర్చీని ఎవరూ చూపించకుండానే చూసుకుని కూర్చున్నాడు. నా వ్యాసాలను తీయించి తమ రాతలు పెట్టుకోవడానికి ఇద్దరూ ఆడుతున్న నాటకం ఇది. రాతగా పెడితే ఎవరైనా, ఎప్పుడైనా, ఏ మాటనైనా మార్చవచ్చు. బొమ్మగా ఉంటే మార్చలేరు. అదీ వారి బాధ.

భోజనాల వేళ మజ్జిగ గ్లాసులో కాక విస్తరిలో పోశాను. మా ఇంటావిడ “ఏటండీ, గిలాస ఇక్కడుంటే అక్కడ పోస్తారేటి?” అన్నది. గ్లాసును జరిపి పెట్టిన సంగతి ముందు చెప్పాలి కదా.

జూన్ 30, శుక్రవారం

రుజువు కోసం ఆమదాలవలస వెళ్లివచ్చాను. అనుకున్నట్టు జరగలేదు.

ఇంట్లో పెన్షనుదారుల సభ అని చెప్పి, గొడుగు తీసుకుని ఉదయం స్టేషనుకు వెళ్లాను. ఇదివరకు బోగీల మీద ఊరిపేర్లు పెద్ద అక్షరాలలో ఉండేవి. ఇప్పుడు ఏ మూలనో రాస్తున్నారు. పక్కవారిని అడగవలసి వచ్చింది. బెన్హర్ ఎక్కిన పెట్టెలోనే, అతనికి వెనుకగా కూర్చున్నాను. చీపురుపల్లి దాటేదాకా జీడిపప్పు అమ్మే ఆవిడతో వేళాకోళమాడుతూనే ఉన్నాడు. పొందూరులో ఎక్కిన ముసలాయన సంచిని, అడగకుండానే పైన సర్దిపెట్టాడు. గుడ్డివాడు చేసే పనులేనా ఇవి?

ఆమదాలవలసలో దిగి, తెల్లకర్ర ఆడిస్తూ, జనం మధ్య నుంచి మెట్లవంతెన ఎక్కాడు. నేను అందుకోలేనంత చురుకుగా నడిచాడు. ఇంక అనుమానం లేదనుకున్నాను. వంతెన దిగే చోట చివరి మెట్టు ఉందని నాకు తెలియలేదు. ఆ మెట్టుకూ నేలకూ ఒకే రంగు. పడ్డాను.

కర్ర చప్పుడు ఆగింది. వెనక్కి వచ్చింది.

“పడిపోనారేటి మాస్టారూ? లెగండి. దెబ్బ తగిలిందా?”

నేనని ఎలా తెలిసిందన్నాను.

“మీ గొడుగుకి అడుగున పూస ఊడిపోనాది. ఆ టకటక ఇజీనారం నించీ ఇంటన్నాను. మందిరంలోనూ అదే టకటక. మీకై మీరు పలకరిస్తారేమో సూద్దారని ఊరుకున్నాను.”

లేవదీసి, చెయ్యి పట్టుకోలేదు. తన మోచేతిని నా చేతికి అందించాడు. “మీరే పట్టుకోండి. నాను మిమ్మల్ని లాగితే బెదిరిపోతారు. మీరు నన్ను పట్టుకుంటే, నా భుజం దిగినప్పుడు మెట్టని మీకే తెలుస్తాది.” ఆ విధంగా టీకొట్టు దాకా నడిచాము. పెన్షనుదారుల సంఘంవారెవరూ ఎదురు రాలేదు; అది ఒక్కటి మేలు.

టీ చేతికిస్తూ అడిగాడు. “సూపులో మచ్చ మద్దినుందా, అంచునుందా?”

ఏ మచ్చ అన్నాను.

“మొన్న మందిరంలో నా కంప్యూటరు మీద ఏటి రాసుందో మిమ్మల్ని సదవమన్నాను. అంతా రూబీయే సదివేసింది. మీరు గొంతు సవరించుకున్నారు తప్ప సదవలేదు. ఇప్పుడు మెట్టు తప్పేరు. మా నాన్న సీమోనుకీ ఇలాగే మొదలైంది. ఆయన ఆసుపత్రికి ఎల్లలేదు. మీరు ఎల్లండి. పోయింది రాదు గానీ, ఉన్నది నిలుస్తాది.”

మెట్టు తడిగా ఉండబట్టి జారానని స్పష్టంగా చెప్పాను. అతడు సరేనన్నాడు. తిరుగు రైలు ఎక్కించేదాకా నిలబడ్డాడు. ఆ మర్యాద వెనుక ఏమున్నదో తెలియడం లేదు.

చూపులేదన్న విషయం మాత్రం నిజమేననిపిస్తున్నది.

జూలై 1

ఆ చివరి మెట్టుకు రంగు వేయకపోవడం రైల్వేవారి దోషం.

జూలై 9, ఆదివారం

ఫోటోలను రూబీ పెద్దవిగా ముద్రించి ఇంటికే తెచ్చింది. కంప్యూటరు మీద చూడడం మీకు ఇబ్బందిగా ఉంటుందేమోనన్నది. ఎవరు చెప్పారు ఆమెకు? బెన్హర్ చెప్పి ఉంటాడు. వెబ్‌సైటులో బూడిదరంగు అక్షరాలు తీసేసి నల్లనివి పెట్టిందట. కావలసినవారు అక్షరాన్ని పెంచుకోవడానికి మీట కూడా పెట్టిందట. ఎవరిని దృష్టిలో ఉంచుకుని?

అడిగేశాను. నాకోసమేనా ఇదంతా అని.

“కాదండి. మా తాతకి, మా ఈదిలో టీచరు గారికి, ఎండలో ఫోను సూసుకున్న ఆటోవాళ్లకి. అందరికీ” అన్నది. తడుముకోకుండా చెప్పింది. సిద్ధపడి వచ్చినవారే అలా చెప్పగలరు.

ఫోటోలు ఏ వరుసలో ఉన్నాయో నోటితో చెప్పి, వెనుక అంకెలు కూడా వేశానని చెప్పి వెళ్లింది. రాసేటప్పుడు వర్ణనలు వద్దనీ, ఉన్నది చెబితే చాలనీ నాకే పాఠం చెప్పింది. బెన్హర్ ముందే అన్నాడట: కొండ మనోహరమని రాస్తే తనకేమీ తెలియదనీ, మెట్లకు పట్టుకునే కమ్మీ ఉందో లేదో రాస్తే వెళ్తాడనీ. ఈ ముక్క మాత్రం కాదనలేకపోయాను.

జూలై 12

ఫోటోలకు మాటలు రాయడం పూర్తి చేశాను. నడుమ ఒకసారి గాలికి చెదిరిపోతే తిరిగి వరుసలో పెట్టుకున్నాను. ఆ అమ్మాయి వేశానన్న అంకెలు ఎక్కడా కనిపించలేదు. వేయలేదన్న మాట. అయినా రామతీర్థాన్ని ఫోటో చూసి రాయవలసిన అవసరం నాకు లేదు. ఎన్ని తరగతుల పిల్లలను ఆ కొండ ఎక్కించానో! ఎర్రని ఎత్తైన బండల వరుస, దాని కింద జనం. రాయి రాయీ ఎరుగుదును.

చక్కగా వచ్చింది. మరీ క్లుప్తంగా రాయడం నా చేత కాలేదు.

జూలై 16, ఆదివారం

ఫోటోలను గోడ మీద పెద్దవి చేసి చూపిస్తూ, నా మాటలను రూబీ పైకి చదివింది. రామతీర్థం రాగానే ఆగిపోయింది. చదవమన్నాను. చదివింది: “సంధ్యారుణకాంతిని ధరించి ఆకాశాన్ని తాకుతున్న శిలాశ్రేణి, దాని పాదపీఠాన బారులు తీరిన భక్తజనం.”

నవ్వు మొదలుపెట్టినవాడు నరసింగరావే. “ఈ శిలలకి చక్రాలున్నాయేటి జగన్నాధం?”

అది లారీలకు పేరుపడ్డ సాలూరు అడ్డా ఫోటోయట. ఎర్ర టార్పాలిన్లు కప్పిన లారీలు, కింద బకెట్లతో చక్రాలు కడుగుతున్న క్లీనర్లు.

ఇందుకే కదా నేను మొదటినుంచీ కనిపెట్టి ఉన్నది. నాకిచ్చిన ఫోటో ఇది కాదనీ, నన్ను నలుగురిలో నవ్వులపాలు చేయడానికి రూబీ మార్చి పెట్టిందనీ, అబద్ధాలకోరుకు మందిరంలో చోటుండకూడదనీ చెప్పాను. నవ్వు ఆగిపోయింది. ఇంత వయసున్న మాస్టారు ఊరికే అంటారా అని ఒకరు, సాలూరు నుంచి వచ్చినదాని తెలివి ఇలాగే ఉంటుందని ఒకరు.

“నాను మార్చలేదండి” అన్నది. “అందులో మూడో లారీ మా నాన్నది. దాన్ని కొండని నానెందుకు సెప్పిస్తాను?”

బెన్హర్ అంతసేపూ తన మడతకర్రను విప్పుతూ మూస్తూ కూర్చున్నాడు. నేను మాట్లాడడం మొదలుపెట్టగానే ఆ చప్పుడు ఆగింది. ఒక్క మాట అనలేదు. అంటాడని ఎదురుచూశాను.

జూలై 17

మా ఇంటావిడ బల్ల సర్దుతూ ఫోటోలను ఒక్కొక్కటిగా చూసింది. ఎర్రని ఫోటో ఆవిడ చేతికి రాగానే, అవి లారీలేనా అని అడిగాను.

“లారీలు కాకపోతే ఏటి? ఎనకాల రెండని ఇంత లావున ఏసింది గదండీ ఆ పిల్ల. బొగ్గుతో ఏసినట్టు.”

రెండు, సాలూరు. ఒకటి, రామతీర్థం. రూబీ చెప్పిన వరుస అదే.

మా ఇంటావిడ కాగితం నా చేతికిచ్చింది. వెనుకవైపు మధ్యలోకి చూస్తే ఏమీ లేదు. చూపు పక్కకు తిప్పితే అంచున నల్లగా ఏదో కదిలింది.

ఆవిడ స్టవ్వు కట్టేసి వచ్చి నా పక్కన కూర్చున్నది.

జూలై 19

నరసింగరావు వచ్చాడు. రూబీని తప్పించి పనిని విశాఖపట్నం కంపెనీకి ఇస్తారట. చదివే యంత్రాలు, బొమ్మ వెనుక మాటలు అంటూ ఆమె తెచ్చిన చాదస్తమంతా పోతుందనీ, కావాలంటే కొండబాబు పుటలే తిరిగి పెట్టుకోవచ్చుననీ సంతోషంగా చెప్పాడు. ఆదివారం సమావేశంలో నేను మరొక్కసారి గట్టిగా చెబితే చాలునట. మోసం చేసినందుకు పంపేశారన్న మాట సాలూరు దాకా వెళ్లకుండా ఆగదు. ఈ ఊళ్లో ఆమెకు మరొకరు పని ఇవ్వరు. ఇది అతడు అన్నది కాదు. నాకు తోచినది.

నేను కోరినదంతా జరుగుతున్నది.

సాయంత్రం బెన్హర్ ఫోను చేశాడు. “నాను సెప్పను మాస్టారూ. మీ కళ్లు మీవి, మీ సంగతి మీది. రూబీకీ సెప్పలేదు, ఇప్పటికీ సెప్పలేదు. ఆదివారం మాత్రం వస్తాను.”

రూబీకి చెప్పలేదట. మరి ఫోటోలు ఇంత పెద్దవి ఎందుకు తెచ్చింది?

అందరికీ అన్నది కదా.

జూలై 22

నరసింగరావు ముందు నిలబడి ఆ మాట అనడం కంటే విశాఖపట్నం కంపెనీ మేలు. పరిష్కర్తగా నన్ను ఎవరుంచుతారు? చూపులేని పరిష్కర్త!

జూలై 23, ఆదివారం

అందరూ వచ్చారు. రూబీ తలుపు దగ్గర కూర్చున్నదని గొంతును బట్టి తెలిసింది. మాస్టారు మాట్లాడతారని నరసింగరావు లేచి చెప్పాడు.

లారీల ఫోటోను గోడ మీద వేయమన్నాను. వేశారు. ఎర్రని అలుకు ఒకటి, నడుమ మసక. “రూబీ, ఆ ఫోటోలో ఏమున్నదో చెప్పమ్మా” అన్నాను.

“మీరు నన్ను అబద్ధాలకోరు అన్నారు మాస్టారూ. వీళ్లందరి ముందే అన్నారు. నాను సెప్పింది ఇప్పుడు నమ్ముతారా?”

“నమ్ముతాను.”

“ఎందుకు?”

నరసింగరావు అడ్డువచ్చాడు. “ఆ పిల్ల సెప్పడమేటయ్యా, నీ ఎదురుగానే ఉంది గదా, నీకు కనిపించట్లేదా?”

“లేదు” అన్నాను.

ఒక్క మాట. బెన్హర్ కర్ర మడత టక్కుమని ఒకసారి మోగింది. ఫోటోను ఎవరూ మార్చలేదనీ, నేనే తారుమారు చేసుకున్నాననీ, వెనుక అంకెలున్నాయనీ మిగిలినది కూడా చెప్పాను. ఆ మొదటి మాట అన్నాక తక్కినవి అంత బరువు లేవు.

రూబీ లేచి గోడ దగ్గరికి వెళ్లింది. “లారీలు ఒక వరుసలో ఆగున్నాయి. అన్నిటికీ ఎర్ర టార్పాలిన్లు. ముందర ఇద్దరు క్లీనర్లు చక్రాలు కడుగుతన్నారు. నేలంతా తడి. మూడో లారీ తలుపు తెరిచుంది. అందులో ఒకాయన కాళ్లు బయటికి పెట్టి నిద్రపోతన్నాడు.” కొంచెం ఆగి, “మా నాన్న” అన్నది.

“ఇప్పుడు కనిపించింది” అన్నాడు బెన్హర్. అందరూ నవ్వారు, ఆమె తప్ప.

ఆమె చెప్పినదాన్ని నేను అక్కడే నోటితో కూర్చాను, నరసింగరావు రాశాడు. ఒక్క విశేషణమూ చేర్చలేదు. నిద్రపోతున్న ఆయనను ఉంచమంటావా తీసేయమంటావా అని ఆమెను అడిగాను. ఉంచమన్నది. పని ఆమెదేనని సమావేశం ఒప్పుకున్నది. నా పదవి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడం మంచికో చెడుకో తేలలేదు.

బయటికి వస్తుంటే “ఇంకో ఫోటోకి కూడా మీరు రాసింది తప్పేనండి, రేపు వచ్చి సెప్తాను” అన్నది. క్షమించినట్టు లేదు. వస్తానన్నది.

జూలై 30

మందిరంలో ఎవరూ లేని వేళ రూబీ నా వ్యాసాన్ని యంత్రం చేత చదివించింది. గులకరాళ్ల గొంతే. ఊపిరి తీసుకోదు, నేను ఆగమన్న చోట ఆగదు. కానీ రామతీర్థం మెట్ల దగ్గరికి వచ్చేసరికి, కమ్మీ కుడివైపునే ఉన్నదని నేను కొత్తగా చేర్చిన వాక్యాన్ని స్పష్టంగా పలికింది. బెన్హర్ వచ్చే నెల వెళ్తాడట. తోడు రమ్మన్నాడు. ఎవరికి ఎవరు తోడో చెప్పలేదు.

ఆగస్టు 4, శుక్రవారం

ఉదయం ఆసుపత్రికి వెళ్లాము. మా ఇంటావిడ నా ఎడమ పక్క, అదే గళ్ల కాగితం నా ముందు. గీతలు వంకరగా ఉన్నాయని చెప్పాను. ఆ కుర్రడాక్టరు ఆలస్యమైందని కసరలేదు. ఎడమకన్ను పరిస్థితి చెప్పలేమనీ, కుడికన్నును నిలబెట్టడానికి ప్రయత్నిస్తామనీ అన్నాడు. ఈ వాక్యాలు గీతల మీద పడుతున్నాయో లేదో తెలియదు. వెనక్కి తిరిగి చదివి దిద్దుకునే వీలు లేదు; ఉన్నదున్నట్టే ఉంటాయి.

సూదికి ముందు నర్సు కంటిలో చుక్కలు వేయబోయింది. చెయ్యి అడ్డుపెట్టి, సీసా మీద ఏమి రాసి ఉన్నదో పైకి చదవమన్నాను. విసుక్కోకుండా చదివింది. మందు పేరు, నా పేరు, కుడికన్ను.

చెయ్యి తీశాను.